ముందు సీట్లో నాలుగు నెలలు

ఆయన టీని గ్లాసు పక్కన ఒంపబోతుంటే, భార్య చప్పుడు కాకుండా గ్లాసును ధార కిందికి జరిపింది. నాలుగు నెలలుగా అదే పని. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. అదే బస్సులో ఆవిడ ఆయా. పిల్లల్ని చూసుకోవాల్సిన మనిషి ముందు సీట్లో కూర్చుని, "ఎర్రలైటు పడిందండీ", "ఎడమవైపు స్కూటరండీ" అంటూ రోడ్డునే చూసుకుంటోంది. సాయం చెయ్యమని ఆయన అడగలేదు, చూపుకేమైందని ఆవిడా నిలదీయలేదు.

కూతురు కంటి ఆసుపత్రి తరఫున వీధి వీధికీ తిరిగి, షుగరున్నవాళ్ళ కంటి లోపలి పొరను చేతిలో పట్టే చిన్న కెమెరాతో ఫొటో తీస్తుంది. ఈరోజు పని పక్క వీధిలోనే కావడంతో కెమెరా ఇంటికే తెచ్చుకుంది.

"నాన్నా, రెండు నిమిషాలు కూర్చో."

"నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. బస్సుకి టైమవుతోంది."

"ఊరందరికీ తీసి, షుగరున్న సొంత నాన్నని వదిలేస్తానా?"

గదిలో కర్టెన్లు లాగేసింది. ఒక్క మెరుపు. తెర మీద నారింజరంగు గుండ్రటి బొమ్మ, దాని నిండా ముదురెరుపు మచ్చలు.

"లోపల రక్తం కారుతోంది నాన్నా. రెండో కన్నూ ఇంతే. ఇవాళ నువ్వు బస్సెక్కడానికి వీల్లేదు."

"నీ బొమ్మ చూసి నేను బండి ఆపాలా? ఆ ఫొటో చెరిపెయ్. ముప్ఫయ్యేళ్ళలో నా బండికి గీత పడలేదు. కావాలంటే మీ అమ్మనడుగు!"

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు. అవునంటే బస్సులో ఇరవయ్యారుమంది పిల్లలు ఏమవుతారు? కాదంటే ఈ మనిషి ఏమైపోతాడు?

"చెప్పవే! మాట్లాడవేం?"

"మొన్న మలుపులో ఓ చిన్నపిల్ల కింద పడ్డ నీళ్ళ సీసా తీసుకోవడానికి మన బస్సు ముందు వంగింది," అంది, చీర చెంగు గుప్పిట్లో నలుపుతూ. "నేను కేకేస్తే బ్రేకు వేశారు. 'చూశాలేవే' అన్నారు. మీరు చూడలేదండీ. చక్రానికీ పిల్లకీ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు."

"అమ్మా! తెలిసీ ఊరుకున్నావా?"

"తెలిసే. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషితో నీకు కళ్ళు కనపడటం లేదని ఏ నోటితో చెప్పను? చెప్పకపోతే నేనూ దోషినే."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత ఫోను కూతురి చేతికిచ్చి, "స్కూలుకి కలుపు. నాకు అంకెలు కనపడవు," అన్నాడు.

"అయ్యా, ఇవాళ ఇంకో డ్రైవర్ని పంపండి," అన్నాడు ఫోనులో. "నాకు చూపు ఆనడం లేదు."

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

"పోయిన చూపంతా తిరిగి రాకపోవచ్చు నాన్నా. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. పద, ఇప్పుడే వెళ్దాం," అని కూతురు చెప్పులేసుకుంది.

ఆయన చెయ్యి గాలిలో తడుముతూ ఆవిడ భుజాన్ని వెతుక్కుంది. "నాకూ భయమేసేదే. నువ్వు పక్కన ఉన్నావు కదాని..."

ఆవిడ ఆ చేతిలో ముఖం దాచుకుని, ఇన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపంతా ఏడ్చేసింది.