రెండో వైరు

2023, కార్తీక మాసం చివర. తుఫాను ముసురు పట్టి ఉద్దానం అంతా నానిపోయింది. మా ఆవిడ పైడితల్లి కిడ్నీ జబ్బుతో పోయి అప్పటికి నెల దాటింది.

బతికుండగా ఆమెకు పాదాల్లో మంటలు. నాకు ఎడమ మోకాలి నొప్పి. పలాసలో ఫిజియోథెరపీ డాక్టరు బ్యాటరీతో నడిచే చిన్న మిషను ఇచ్చాడు. దానికి రెండు వైర్లు, ఒక్కో వైరుకి రెండేసి ప్యాడ్లు. చర్మానికి అతికిస్తే సన్నటి కరెంటు నరాన్ని తడుతుంది. ఒక్కరికే వాడమన్నాడు. మేం వినలేదు. ఒక వైరు నా మోకాలికి, రెండోది ఆమె పాదానికి పెట్టుకుని సాయంత్రాలు ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం.

"పెంచు మావా. నీ పిసినారితనం మిషనుకీ అంటుకుందేటి?" అనేది.

ఏ ప్యాడు చర్మం నుంచి ఊడినా ఆ మిషను కీచుమని అరిచి ఆగిపోయేది.

ఆమె పోయాక దుప్పటి, కంచం అన్నీ శ్మశానంలో వదిలేశారు. మిషను నేను ఇవ్వలేదు.

"అమ్మ ఒంటికి అంటిన వత్తువు నాన్నా. ఇంట్లో ఉంచకూడదు" అంది నా కూతురు సంధ్య.

"అది నేకపోతే జీడితోటకి నడిసేదెలాగ? నీ మొగుడు మోత్తాడేటి?"

అప్పటి నుంచి నాలుగు ప్యాడ్లూ నా కాలికే అతికించుకునేవాణ్ణి.

ఆ రోజు దీపాలవేళకే చీకటి కమ్మేసింది. కరెంటు లేదు. జీడిచెట్ల మీద వాన, దూరంగా సముద్రం హోరు. సంధ్య వంటింట్లో ఉంది. తడుముకుంటూ రెండు ప్యాడ్లు మోకాలికి అతికించి మీట నొక్కాను. మిగతా రెండూ పక్కన చాప మీద పడేసిన సంగతి కాసేపటికి గుర్తొచ్చింది.

మిషను అరవలేదు.

రెండో వైరు బిగుసుకుని ఉంది. అటు చివర చీకటి... పచ్చి పసుపు వాసన. మిషను మీద వెలిగే చిన్న తెరలో ఆమె వైపు కరెంటు అంకె పెరుగుతోంది. రాత్రిబడిలో నేర్చిన అంకెలు, తప్పు చదవను. ఆమెకిష్టమైన అంకె దాకా వెళ్ళింది. ఆగలేదు... నా వేలు మీట మీద లేదు.

"పైడీ... సాలే" అన్నాను.

మోకాలి నుంచి పాదంలోకి మంట దిగింది. ఆమె రోజూ చెప్పిన మంట. ప్యాడ్లు పీకాను... రాలేదు.

"నాన్నా! ఏటి సేత్తన్నావు?"

సంధ్య దీపంతో వచ్చింది. వెలుగు పడగానే మిషను కీచుమని ఆగిపోయింది. చాప ఖాళీ. దాని మీది రెండు ప్యాడ్లూ సంధ్య తీసి చూసింది. ముందురోజు నా కాలి నుంచి శుభ్రంగా ఊడినవే అవి. ఇప్పుడు వాటి జిగురు నిండా పసుపు. పాడె మీద తల్లి పాదాలకి సంధ్యే రాసింది అలాంటి పసుపు.

ఇంకా తడిగా ఉంది.

తెల్లారి సంధ్య మిషనుని అక్కుపల్లి దగ్గర సముద్రంలో పారేసింది. నేను అడ్డు చెప్పలేదు. నా ఎడమ కాలి నరం చచ్చిపోయిందన్నారు టెక్కలి డాక్టర్లు. చచ్చిన కాలి వేళ్ళు దీపాలవేళకి ఎందుకు అదురుతాయో వాళ్ళకి తెలీదు.

ఆ కాలితో నేను మళ్ళీ తోటకి నడవలేదు.