తొమ్మిదో నంబరు చోట పట్టుకునే చెయ్యి

మా సరస్సు ఒడ్డు క్యాంపులో తొమ్మిదో నంబరు చోటుకి చెడ్డపేరు ఉండేది. మిగతా ముప్ఫై చోట్లూ ఎండాకాలమంతా ట్రైలరు ఇళ్ళతో కిటకిటలాడినా, అక్కడ మాత్రం ఎవరూ రెండో రాత్రి ఉండేవాళ్ళు కాదు. కారు వెనక తగిలించుకుని ఇంటినే లాక్కొచ్చినవాళ్ళు, తెల్లారకుండానే లాక్కుని పోయేవాళ్ళు.

కారణం అడిగితే అందరిదీ ఒకటే మాట — చీకట్లో తలుపు పిడి పట్టుకుంటే... ఎవరో చెయ్యి పట్టుకున్నారని.

అది హాల్వర్ చెయ్యే అని మావాళ్ళ నమ్మకం. ఎప్పుడో ఓ చలికాలం, గడ్డకట్టిన సరస్సుకి కన్నం పెట్టి చేపలు పడుతుంటే మంచు పగిలి మునిగిపోయినవాడు. సరిగ్గా తొమ్మిదో చోటుకి ఎదురుగా. పైకి లాగేవాళ్ళ కోసం ఇంకా చెయ్యి చాపుతూనే ఉన్నాడట. వాన పడ్డ రాత్రయితే మరీ గట్టిగా పట్టుకుంటాడట.

ఆ క్యాంపుని చూసుకునేవాణ్ణి నేనే. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు, దెయ్యాన్ని చూశామని వచ్చేవాళ్ళ మాట వినే ఓపికా లేదు. "ఏం ఎల్డన్, హాల్వర్ కులాసాయేనా?" అని ఎవరైనా వేళాకోళమాడితే, "చేపలు మాత్రం పంపట్లేదు" అనేవాణ్ణి.

ఆర్లిస్ వచ్చింది జూలైలో, వాన వెలిసిన ఓ సాయంత్రం. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. భర్త లైల్ పోయి పదకొండు నెలలు. ట్రైలరు తీసుకుని ఒంటరిగా బయల్దేరడం ఆమెకి అదే మొదలు. క్యాంపంతా నిండిపోయి తొమ్మిదో చోటొక్కటే మిగిలింది.

"దాని గురించి జనం ఏవేవో అంటుంటారండీ," అన్నాను.

"అననివ్వండి. మా అమ్మాయి అంతకన్నా ఎక్కువే అంటోంది. 'నీకు ప్లగ్గు పెట్టడం కూడా రాదు, ట్రైలరు అమ్మెయ్యమ్మా' అని." నవ్వింది. "వస్తుందో రాదో చూద్దామనే వచ్చాను."

ఆ తర్వాత సంగతి ఆమె చెప్పగా విన్నదే.

ఆ చోట కరెంటు స్తంభానికున్న పెద్ద సాకెట్టు ఎప్పుడో కాలిపోయింది. ఇళ్ళల్లో ఉండేలాంటి మామూలు సాకెట్టు ఒక్కటే పనిచేసేది. ట్రైలరు ప్లగ్గేమో లావుపాటిది. మధ్యలో అడాప్టరు లేనిదే కుదరదు. లైల్ సామాన్ల పెట్టె అంతా వెతికింది, దొరకలేదు. తీరా చూస్తే, స్తంభం మేకుకే ఒకటి వేలాడుతోంది — నల్లది, జానెడు వైరు తోకతో.

మా దగ్గర అదో మర్యాద. వెళ్ళేవాళ్ళు మిగిలిన కట్టెలో, పనికొచ్చే వస్తువో తర్వాత వచ్చేవాళ్ళ కోసం వదిలి వెళ్తారు. ఎవరో మంచివాళ్ళు అనుకుంది ఆర్లిస్. తగిలించింది. లోపల దీపం వెలిగింది. ఆ సంతోషం పట్టలేక వెంటనే కూతురికి ఫోన్ చేసి చెప్పింది.

చీకటి పడ్డాక, చెప్పులు మెట్టు కింద వదిలి, తడి గడ్డి మీద నడిచి సరస్సు చూసొచ్చింది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

ఎవరో... పట్టుకున్నారు.

గట్టిగా కాదు. వేళ్ళ మీదుగా మణికట్టు దాకా, సన్నగా, జివ్వుమంటూ. గభాల్న చెయ్యి లాక్కుంది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ వేసింది... మళ్ళీ పట్టుకున్నారు.

ఇంకొకళ్ళయితే కెవ్వున అరిచి పరిగెత్తేవాళ్ళు. ఆర్లిస్ కదల్లేదు. పదకొండు నెలలుగా ఆమె చెయ్యి ఎవరూ పట్టుకోలేదు మరి.

"లైల్..." అంది, గాలికి కూడా వినపడనంత మెల్లగా.

మర్నాడూ అంతే. మూడో సాయంత్రం మా గుమ్మం ముందు కూర్చుని, తను చేసిన కేకు నాకు పెట్టి, కాఫీ తాగుతూ ఇదంతా చెప్పింది. మొహంలో భయమన్నది లేదు. పదేళ్ళు చిన్నదైనట్టుంది.

"మీకు నవ్వొస్తోందేమో," అంది. "కానీ వస్తున్నాడు. చెప్పులుంటే రాడు. కాళ్ళకి ఏమీ లేకపోతేనే. నేల తడిగా ఉంటే ఇంకా బాగా..."

కాఫీ కప్పు కింద పెట్టేశాను. ముప్ఫై ఏళ్ళు పాల డెయిరీల్లో మోటార్లు బాగుచేసినవాణ్ణి. అలాంటి చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. పారిపోయిన ఒక్కళ్ళనైనా, కాళ్ళకి చెప్పులున్నాయా అని నేను అడిగిన పాపాన పోలేదు.

"ఇక్కడే కూర్చోండి, కదలకండి," అని షెడ్డులోకి పరిగెత్తి, తాకకుండానే కరెంటుని పసిగట్టే టెస్టరు పట్టుకొచ్చాను. కుర్చీలో ఆమె లేదు. బయట చినుకులు... చూస్తుండగానే వాన.

తొమ్మిదో చోటుకి నేను చేరేసరికి ఆమె తలుపు ముందు నిలబడి ఉంది. ఉత్త కాళ్ళు నీళ్ళల్లో. చెయ్యి పిడి వైపు లేస్తోంది.

"ఆర్లిస్ గారూ... ముట్టుకోకండి."

"ఇవాళ గట్టిగా పట్టుకుంటాడు ఎల్డన్. వానొచ్చింది కదా."

"చెయ్యి దించండి. దండం పెడతాను, దించండి."

నా గొంతు విని ఆగింది. నేను రబ్బరు బూట్లతో దగ్గరికెళ్ళి టెస్టరు చాపాను. తలుపు ఇంకా జానెడు దూరంలో ఉండగానే అది ఎర్రగా వెలిగి కీచుమంది. తలుపు, మెట్టు, కారుకి తగిలించే కొక్కెం — ఎటు చూపినా అదే అరుపు. ట్రైలరు ఒళ్ళంతా కరెంటు.

ముందు స్తంభం దగ్గర మీట దించాను. ఆ తర్వాతే ప్లగ్గు లాగాను. అడాప్టరు తిప్పి టార్చి వేశాను. మూడు పిన్నులుండాల్సిన చోట రెండే. ఎర్తు పిన్ను రంపంతో కోసేసి ఉంది. పాతకాలపు రెండు కన్నాల సాకెట్టులో పట్టడానికి కోసుంటారు. ఎర్తు లేకపోతే, ఏ ట్రైలరులోనైనా కాస్తో కూస్తో కారే కరెంటు దాని రేకులోనే కాచుక్కూర్చుంటుంది. తడి కాళ్ళ మనిషి దొరికితే ఆ మనిషి గుండా దిగుతుంది.

"కొంచెమే కాబట్టి చెయ్యి పట్టుకున్నట్టు అనిపించింది," అన్నాను. "ఈ వానలో అయితే పట్టుకున్నది వదిలేది కాదు."

 ఆమె వెళ్ళి పిడి మీద చెయ్యి వేసింది. ఏమీ లేదు... చల్లటి ఇనుము. రెండో చెయ్యి కూడా వేసింది.

"ఎల్డన్," అంది, నా వైపు చూడకుండా. "ఒక్కసారి... మళ్ళీ పెడతారా?"

"పెట్టనండీ."

"వాన తగ్గాకే. ఒక్క నిమిషం."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కటింగ్ ప్లేయరు తీసి ఆమె ఎదుటే ఆ తోకని రెండు ముక్కలు చేశాను. ఆమె భుజాలు ఉలిక్కిపడ్డాయి. ఆ రాత్రి నా అడాప్టరు ఇచ్చి, మూడు పిన్నులూ ఆమె చేతే తడిమించాను. మీట ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఎత్తాలో చెప్పాను. ఒక్క మాట ఎదురు చెప్పకుండా నేర్చుకుంది.

పొద్దున బయల్దేరుతూ కారు అద్దం దించింది. "ఎవరో కావాలని చేశారని కాదులే. కానీ దాన్ని అక్కడ తగిలించిందెవరు, ఎల్డన్?"

"తెలీదండీ," అన్నాను.

మొట్టమొదట వదిలివెళ్ళిందెవరో నిజంగానే తెలీదు. కానీ నాలుగు వేసవులుగా, జడుసుకుని పారిపోయినవాళ్ళు గడ్డిలో పడేసిపోయిన ఆ అడాప్టరుని ప్రతిసారీ వెతికి తీసి, బురద తుడిచి, ఒక్కసారైనా తిప్పి చూడకుండా, తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుందని ఆ మేకుకి తగిలించిన చెయ్యి... నాదే.