మైకులో మూసిన కాలువ

మా వెనక వీధి మలుపులో ఒక ఖాళీ ఇల్లుంది. చీకటి పడ్డాక అటు వెళ్లొద్దని చెప్పని మనిషి మా వార్డులో లేడు. అక్కడ ఎవరో ఆడమనిషి గుసగుసగా పిలుస్తుందట... ఆ మలుపులో ఎన్ని బల్బులు పెట్టినా వారం తిరక్కుండా మాడిపోతాయి. దెయ్యానికి వెలుగు గిట్టదని జనం అంటారు. బల్బులే నాసిరకమని కరెంటాయన అంటాడు. రెండూ నిజమే కావచ్చు.

దెయ్యం మాటెలా ఉన్నా, ఆ ఇంటి ముందు రోడ్డుకి అడ్డంగా పోయే మురికి కాలువ మాత్రం పట్టపగలే భయపెడుతుంది. నడుం లోతు. మీద పలకలు ఎప్పుడో విరిగిపోయాయి. గోడ వారగా మిగిలిన సన్నటి గట్టు మీద నుంచే దాటాలి.

ఇది మా బాబాయికి జరిగింది. ఆయన చెప్పినట్టే చెబుతున్నాను. నేనైతే నమ్మను. అలాగని అటు వెళ్లనూ వెళ్లను.

బాబాయి మునిసిపాలిటీ ఆటోలో మైకు పట్టుకుని తిరుగుతాడు. నీళ్లు ఎప్పుడొస్తాయో, ఏ వీధి తవ్వుతారో, చెత్త ఎప్పుడు ఎత్తుతారో అన్నీ ఆయన నోటే వినాలి. వాళ్ల ఆఫీసులో ఒక పద్ధతుంది. సామాను లారీ దిగిందంటే పని అయిపోయినట్టే లెక్క. ఆ వేళ కాలువ పలకలు ఆఫీసు వెనకాల దిగాయి. ఇంకేం, బాబాయి పొద్దున్నే బయల్దేరాడు.

"వెనక వీధి కాలువకి పలకలు వేశాం. ప్రజలు నిశ్చింతగా నడవగలరు. ఆదివారం వీధి శుభ్రతకి అందరూ చీపుళ్లతో రాగలరు!"

సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే పిన్ని ఇంకా రాలేదు. ఆవిడ కుట్టు కేంద్రంలో పనిచేస్తుంది. చీకటి పడేలోపే ఇల్లు చేరుతుంది. ఫోన్ చేస్తే ఆగిపోయి ఉంది. ఇంతలో కరెంటు కూడా పోయింది.

అప్పుడు తట్టింది బాబాయికి.

పిన్ని రోజూ చుట్టు దారిలో వస్తుంది. ఇవాళ మైకు విని వెనక వీధి దారి పట్టిందేమో... లేని పలక మీద కాలేసిందేమో...

తలుపు కూడా వెయ్యకుండా పరుగెత్తాడు.

మలుపులో కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. అయినా పరుగు ఆపలేదు. అప్పుడు—

"ఏవండీ... అక్కడే ఆగండి."

కాలువ అవతల నుంచి. గుసగుసగా.

బాబాయి ఆగాడు. కాలి వేళ్లు అంచు దాటి గాల్లో ఉన్నాయి. కింద నీళ్ల చప్పుడు.

"పడ్డావా?"

"లేదు... కదలకండి."

ప్రాణం లేచొచ్చింది ఆయనకి. ఏడుపు కూడా వచ్చిందట. "ఆఫీసు వాళ్లు చెప్పమన్నారు, చెప్పేశానే. నేనొచ్చి చూడలేదు" అన్నాడు.

అటు నుంచి మళ్లీ అదే గుసగుస.

"ఎడం పక్కకి రండి... గోడ పట్టుకోండి... గట్టు సన్నం... ఆ, ఇప్పుడు కాలెయ్యండి."

దాటాడు. "చెయ్యి ఇవ్వవే" అంటూ చెయ్యి చాచాడు. చల్లటి గోడ తగిలింది. పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఎవరూ పలకలేదు.

అలిగి ముందే వెళ్లిపోయిందనుకున్నాడు. అలగడానికి కారణం కూడా ఉంది కదా. తనూ చుట్టు దారి పట్టి ఇంటికొచ్చాడు.

ఇంట్లో కొవ్వొత్తి వెలుగుతోంది. పిన్ని గిన్నెలు తోముతోంది. కాళ్లకి బురద చుక్క లేదు.

"నన్ను దాటించి ఎటు మాయమయ్యావే?"

"దాటించడమేంటి? మిషను మొరాయించి ఆలస్యమైంది. వచ్చేసరికి తలుపులు బార్లా తీసున్నాయి. ఎటు పోయారు?"

"ఏ దారిన వచ్చావు?"

"చుట్టు దారినే."

బాబాయి గడప మీద కూలబడ్డాడు.

"పొద్దున నేను మైకులో చెప్పింది... నువ్వు వినలేదా?"

పిన్ని గిన్నె బోర్లించింది.

"విన్నానండీ. మీరు చెప్పారనేగా చుట్టు తిరిగి వచ్చాను."