ఆకలి తీరిన ఫ్లాస్కు

సోమవారం ఉదయం 8:10.

కోల్డ్ రూమ్ తలుపు తెరిచిన వాచ్‌మన్ తాత కెవ్వున కేక వేశాడు.

లోపల, వెనక ర్యాకు కింద, లాబ్ డైరెక్టర్ మేడమ్ పడి ఉంది. పక్కనే బోర్లాపడిన స్టూలు. కుడికాలు విరిగింది. పగిలిన గాజుగొట్టం గుచ్చుకుని అరచేయి తెగింది. మనిషిలో ప్రాణం లేదు.

ఇన్‌స్పెక్టర్ 8:50కి వచ్చింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ నెమ్మదికే ఎదుటివాళ్లకి ముచ్చెమటలు పడతాయని స్టేషన్‌లో చెప్పుకుంటారు.

"తాళం ఎవరు వేశారు?"

"నేనేనమ్మా." తాత నేలమీద కూలబడి ఉన్నాడు. "శనివారం సరిగ్గా ఐదింటికి, ఇంటికెళ్లబోతూ. ఇరవై రెండేళ్లుగా వేస్తున్నా. లోపలికి తొంగి చూడలేదు. మేడమ్ ఇంటికెళ్లిపోయుంటారనుకున్నా. ఇంట్లోనూ ఒంటరి మనిషే, వెతికేవాళ్లు లేరు. నా చేతులారా నేనే చంపేశా. తీసుకుపోండి."

"లోపల్నుంచి తెరిచే మీట ఉండాలిగా?"

"పాడై నెలైంది. రెండుసార్లు కాగితం రాసిచ్చా. పట్టించుకున్న నాథుడు లేడు."

"గేటు దగ్గర కెమెరా?"

"అదీ అంతే."

శవాన్ని పంపించాక ఇన్‌స్పెక్టర్ ఒక్కతే కోల్డ్ రూమ్‌లోకి వెళ్లింది.

"తాళం వెయ్యండి. మూడు నిమిషాలు."

కానిస్టేబుల్ తాళం వేశాడు.

నాలుగు డిగ్రీల చలి. కిటికీ లేదు. ఫ్యాను హోరు తప్ప ఏమీ వినబడదు. ఆమె గొంతు చించుకుని అరిచింది. తలుపు బాదింది. రెండో నిమిషానికే వేళ్లు కొంకర్లు పోయాయి. నిజంగానే భయం వేసింది. మేడమ్ ఇక్కడే, కాలు విరిగి, గంటల తరబడి ఉంది.

అప్పుడు కళ్లు పై అరమీద పడ్డాయి. సీసాలు బారుగా ఉన్నాయి. వాటిలో ఒకదాని లేబుల్‌ మీద ఎండిన గోధుమరంగు మరక. వేలిముద్ర.

తలుపు తెరుచుకుంది.

"నా అరుపు వినబడిందా?"

"లేదండీ. ఒక్క ముక్క కూడా."

ఆమె సీసాను పోలీసు ల్యాబొరేటరీకి పంపించి, సీనియర్ రీసెర్చర్‌ని పిలిచింది. ముప్ఫై అయిదేళ్ల మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా.

"ఈ గదికి ఎన్ని తాళంచెవులు?"

"రెండు. ఒకటి తాతది, ఒకటి నాది."

"శనివారం ఎప్పుడు వెళ్లారు?"

"ఒంటిగంటకి. తలనొప్పి. మళ్లీ ఇవాళే రావడం."

"తాళంచెవి ఎవరికైనా ఇచ్చారా?"

"లేదు. నా జేబులోనే ఉంది." అడగకముందే ఇంకో మాట కలిపాడు. "తాత పాపం ముసలాయన. కావాలని చెయ్యలేదు. కాస్త చూసీచూడనట్టు పొండి."

ఆయన దయ చూసి ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది.

మధ్యాహ్నం 2:20. పోస్ట్‌మార్టమ్ డాక్టర్ ఫోన్. మేడమ్ చనిపోయింది శనివారం రాత్రి పదకొండు దాటాకే. సీసా మీది రక్తపు వేలిముద్ర కూడా ఆవిడదే.

జూనియర్ రీసెర్చర్ కణాలు పెంచే వెచ్చటి పెట్టె, ఇంక్యుబేటర్ దగ్గర ఏడుస్తోంది. తాత ఆ అమ్మాయిని మనవరాలా అని పిలుస్తాడు.

"తాతని జైల్లో పెడతారా అండీ?"

"ముందు ఇదేంటో చెప్పమ్మా. లోపలున్న ఈ రెండు ఫ్లాస్కులకీ రంగు వేరేగా ఉందేం?"

అమ్మాయి కళ్లు తుడుచుకుని చూసింది.

"అలా ఉండకూడదండీ. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఈ రెండిట్లోనూ నేనే లూసిన్ లేని ద్రవం పోశా. లూసిన్ అంటే ప్రోటీన్‌లో ఉండే ఒక ముక్క. కణంలో ఎమ్‌టార్ అని కొన్ని ప్రోటీన్ల జట్టు ఉంటుంది. ఇంటిపెద్ద లాంటిదనుకోండి. సరుకులున్నాయా అని డబ్బాలు చూస్తుంది. ఉంటే పెరగమంటుంది. లేకపోతే పనులన్నీ ఆపించి, ఇంట్లో పాత సామానే కరిగించుకుని తినమంటుంది. కణం చిక్కిపోతుంది."

"మరి ఇది?"

"పసుపురంగుకి తిరిగింది. అంటే లోపల కణాలు బాగా తిని పెరుగుతున్నాయి." మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది. "పక్కదానికంటే బొద్దుగా ఉన్నాయండీ! ఎవరో లూసిన్ ఇచ్చారు. శనివారం సాయంత్రం ఆరింటికి ఈ ఒక్కదానికి సీనియర్ ఇవ్వాల్సింది. తలనొప్పొచ్చి రాలేదన్నారే?"

"లూసిన్ ఎక్కడుంటుంది?"

"ఒక్కటే సీసా, పొద్దున మీరు తీసుకెళ్లిందే. కోల్డ్ రూమ్‌లో, పై అరమీద. నా దగ్గర తాళం లేదు. తాతకి ఈ పని రాదు." అమ్మాయి గొంతు తగ్గించింది. "శనివారం మేడమ్ ఆయన్ని చెడామడా తిట్టారండీ. ఆయన పరిశోధన పేపర్‌లో అంకెలు కల్పించారని. ఇవాళ ఆ పేపర్‌ని వెనక్కి తీసేసుకుంటానన్నారు. ముందు తన చేత్తో ఆ ప్రయోగం చేసి చూస్తానని, నేను ఇంటికి బయల్దేరేటప్పుడు సీసా కోసం వెళ్లారు."

సాయంత్రం 4:00. తాత, సీనియర్, జూనియర్ ముగ్గురూ కోల్డ్ రూమ్ ముందు నిలబడ్డారు.

"మేడమ్ స్టూలెక్కి సీసా అందుకుంది. జారి పడింది," అంది ఇన్‌స్పెక్టర్. "తెగిన చేత్తో సీసా పట్టుకునే ఉంది. మరి సీసా తిరిగి పై అరమీదికి ఎలా ఎక్కింది? లేవలేని మనిషి పెట్టిందా?"

సీనియర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఆరింటికి మీరు తాళం తీశారు. ఆవిడ బతికే ఉంది. మీ వంక చూసింది. చేతిలోంచి సీసా తీసుకున్నారు. ఫ్లాస్కుకి లూసిన్ ఇచ్చారు. మళ్లీ వచ్చి సీసా తీసినచోటే పెట్టారు. ఇక్కడ అందరికీ అదే అలవాటు. రెండుసార్లు తెరిచారు. రెండుసార్లూ మూశారు."

"తలుపు వేసింది తాత!" సీనియర్ గోడకి ఆనుకున్నాడు. వెనక్కి వెళ్లడానికి చోటు లేదు. "నేను... వదిలేశానంతే. నేను ఆవిణ్ణి ముట్టుకోలేదు."

"ఫ్లాస్కుని కూడా వదిలెయ్యొచ్చుగా?"

"ఆరు వారాల కష్టం. ఈసారి నిజంగా పనిచేస్తే పేపర్ నిలబడేది. అప్పటికే ఆరు గంటలుగా పస్తులున్నాయి. చచ్చిపోతాయని..."

తాత తలెత్తాడు.

"ఆవిడేమైనా అడిగారా బాబూ?"

సీనియర్ కోల్డ్ రూమ్ లోపలికి చూశాడు.

"నీళ్లడిగారు."

జూనియర్ రెండు చేతులతో నోరు మూసుకుంది. కానిస్టేబుల్ సంకెళ్లు తీశాడు.

వాళ్లు వెళ్లిపోయాక తాత గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నేను ఒక్క కేకేసి చూసుంటే బతికేదమ్మా."

"నిజమే తాతా. అలా కాదని అబద్ధం చెప్పలేను." ఇన్‌స్పెక్టర్ ఆయన భుజం పట్టుకుంది. "కానీ మీరు వేసిన తలుపు గంటలో తెరుచుకుంది. మళ్లీ మూసింది మీరు కాదు."

ఐదయింది. తాత తాళంచెవి పట్టుకుని ఖాళీ గదిలోకి వెళ్లాడు. ర్యాకుల మధ్య ఒక్కో వరసా నడిచాడు.

"ఎవరైనా ఉన్నారా?"

జవాబు కోసం ఆగాడు. మళ్లీ పిలిచాడు. ఆయన చెయ్యి తాళం మీదికి వెళ్లడానికి చాలాసేపు పట్టింది.