ఎక్కడా కారని నీళ్ళు

ఆ కారు నేను కొన్నది రెండువేల మూడు జనవరిలో. అప్పటికే దాని వయసు పదేళ్ళు దాటింది. నాది మదనపల్లెలో పట్టునూలు వ్యాపారం. వి.కోట, కుప్పం పల్లెల్లో పట్టుగూళ్ళ నుంచి నూలు తీసేవాళ్ళ ఇళ్ళకు వారానికి రెండుసార్లు పోవాలి. నూలు మూటలు బస్సుల్లో మోయలేక అవస్థ పడుతుంటే, కుప్పంలో మునిరత్నం అనే బాడుగ కారు డ్రైవరు తన బండి అమ్ముతున్నాడని తెలిసి పోయి చూశాను. నలభై ఏళ్ళ మనిషి. ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఇంజను బాగుంది, సీట్లు శుభ్రంగా ఉన్నాయి. తాళాలు నా చేతిలో పెట్టేటప్పుడు ఒకే ఒక మాటన్నాడు.

"నీళ్ళు సూసుకుంటా ఉండప్పా. రోజూ సూడు."

పాత బండికి ఎవరైనా చెప్పే మాటే గదా అనుకున్నాను.

మొదటి వారమే తెలిసింది. మదనపల్లెలో రేడియేటరు నిండా నీళ్ళు పోసి బయల్దేరితే, పుంగనూరు చేరేసరికి సగం ఉండేవి కావు. పుంగనూరు బస్టాండు వెనక సిద్దప్ప అనే మెకానిక్కుకు చూపించాను. నీళ్ళు పోయే రబ్బరు హోసులు మార్చాడు. వాటర్ పంపు మార్చాడు. రేడియేటరు విప్పి, నీళ్ళ తొట్టిలో ముంచి, గాలి కొట్టి చూశాడు. ఒక్క బుడగ రాలేదు. ఇంజనాయిల్లో నీళ్ళు కలవలేదు, పొగలో తెలుపు లేదు. మూడోసారి తీసుకుపోయినప్పుడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

"కారితే కింద తడి ఉండల్ల గదప్పా. ఈ బండి నీళ్ళు కార్చేది కాదు, తాగేది."

ఏప్రిల్లో ఆయనే ఒక ఉపాయం చేశాడు. మామూలు నీళ్ళు తీసేసి పచ్చరంగు కూలెంటు పోశాడు. ఎక్కడ కారినా మరక పట్టిస్తుందన్నాడు.

మరుసటిరోజు పొద్దున్నే లేచి మా ఇంటి షెడ్డులో చూశాను. సిమెంటు నేల పొడిగా ఉంది. రేడియేటరు ఖాళీ. నూలు మూటలు పెడదామని వెనక తలుపు తెరిచాను. గుప్పుమని పులిసిన వాసన. వెనక సీటు అంచు మీద, కింద మ్యాటు మీద పచ్చగా ఉంది. ఒలికినట్టు లేదు.

కక్కినట్టుంది.

అది చూసి సిద్దప్ప నవ్వలేదు. "ఇంజను ముందర ఉంటే మరక ఈడికెట్లా వచ్చె?" అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీళ్ళే పోసుకోప్పా. ఇది మాత్రం ఇంగ పోయొద్దు" అన్నాడు. సీటు కడగమంటే వాళ్ళ పనివాళ్ళెవరూ చెయ్యి పెట్టలేదు. నేనే కడుక్కున్నాను. షెడ్డులో ఎవరో క్యాను దొర్లించి ఉంటారని మనసుకు సర్దిచెప్పుకున్నాను. నా భార్య ఉషారాణికి మాత్రం చెప్పలేదు.

మే నెలలో కుప్పంలో ఉషారాణి పిన్నమ్మ కాంతమ్మకు బాగలేదంటే ఇద్దరం చూడటానికి పోయాం. సాయంత్రం తిరుగుదోవ పట్టాం. ఆ ఏడు ఎండలకు బావులన్నీ ఎండిపోయాయి. దోవ పొడుగునా వేరుశనగ చేలు బీళ్ళుగా పడి ఉన్నాయి. ఉషారాణి తలనొప్పిగా ఉందని వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది. వి.కోట ఇంకా చాలా దూరం ఉందనగా వేడి ముల్లు పైకి లేచింది. చూస్తుండగానే ఎర్రగీత తాకింది. ఒక రాళ్ళగుట్ట పక్కన, మలుపులో ఆపాను.

అప్పుడే పొద్దు గుంకింది. గుట్ట నీడ రోడ్డు మీదికి పాకింది. ఎక్కడా ఒక దీపం లేదు. కాలిన దుమ్ము వాసన. ఇంజను చల్లబడుతూ టిక్కు... టిక్కుమంటోంది. డిక్కీలోంచి రెండు నీళ్ళ క్యాన్లు తెచ్చి, గుడ్డ చుట్టి రేడియేటరు మూత తిప్పాను. ఆవిరి తన్నుతుందని మొహం పక్కకు పెట్టాను. ఆవిరి రాలేదు. లోపలంతా పొడి.

క్యాను వంచాను.

గుటక్... గుటక్...

నీళ్ళు జారే చప్పుడు కాదది. గొంతులో దిగే చప్పుడు. చెయ్యి ఆగిపోయింది. లోపలినుంచి వేడిగా ఒక ఊపిరి నా మణికట్టుకు తగిలింది. తుప్పు వాసన కాదు... జ్వరం పడిన మనిషి నోటి వాసన. మళ్ళీ పోశాను. పోయకుండా ఉండలేకపోయాను. గుటక్... గుటక్... ఒక క్యాను అయిపోయింది.

అప్పుడు కారులోంచి దగ్గు వినబడింది. ఆత్రంగా తాగి పొలమారితే వచ్చే దగ్గు.

"ఉషా?"

వెనక కిటికీ దగ్గరికి నడిచాను.

"ఏమండీ..." గుసగుసగా అంది. "లోపలికి చూడొద్దు."

"ఏమయింది?"

"ఎవరో... నా ఒళ్ళో తల పెట్టుకుని పండుకోనుండారు."

చూపు గుట్ట మీదే నిలిపాను.

"ఆడమనిషి. ఒళ్ళు కాలిపోతాండాది. నాలిక్కి తడి లేదు, మాట సరిగా పెగల్లేదు... నీళ్ళు అడగతాండాదండీ. ఇయ్యండి."

"బండికి ఇదొక్క క్యానే ఉంది ఉషా..."

"ఇయ్యండి!"

మొహం తిప్పుకునే కిటికీలోంచి క్యాను అందించాను. నీళ్ళ చప్పుడు. మింగే చప్పుడు. మధ్యమధ్య మా ఉషారాణి గొంతు, చంటిబిడ్డకు చెప్పినట్టు... "మెల్లగా... మెల్లగా తాగమ్మా." ఎంతసేపయిందో తెలియదు. చివరికి ఖాళీ క్యాను కిందపడిన చప్పుడు. ఆ తర్వాత సద్దు లేదు.

"పోయింది" అంది ఉషారాణి. ఆమె ఏడుస్తోంది.

తాళం తిప్పితే బండి వెంటనే స్టార్టయింది. మూత పెట్టేటప్పుడు చూశాను, రేడియేటర్లో నేను పోసిన నీళ్ళు చుక్క కూడా లేవు. అయినా ముల్లు అడుగునే ఉంది. మదనపల్లె వైపు పోవడానికి ధైర్యం చాల్లేదు. వెనక్కి తిప్పి నేరుగా కుప్పంలో మునిరత్నం ఇంటి ముందు ఆపాను.

కోపంగా కేకలేద్దామనే దిగాను. వాకిట్లోకి వచ్చిన మునిరత్నం నన్ను చూడలేదు. ఒడి నుంచి మోకాళ్ళ దాకా తడిసిన ఉషారాణి చీర చూశాడు. చూసి అరుగు మీద కూలబడ్డాడు.

"మునీశ్వరమ్మ అది. నా పెండ్లాం" అన్నాడు. "పోయిన ఎండాకాలం కానుపుకని పుట్టింట్లో ఉండె, వి.కోట కాడ. వాంతులు, భేదులు. నేను పోయి కుప్పం ఆస్పత్రికని బండిలో ఎక్కించుకొంటిని. హోసు సీలిందని నెల ముందే తెలుసు తల్లీ. రేపు మారుద్దాం, ఎల్లుండి మారుద్దాం అంటా తిరిగితి. దోవలో రాళ్ళగుట్ట కాడ బండి ఉడికిపాయ. సుట్టుపక్కల బావుల్లో సుక్క లేదు. బండిలో ఉండేది ఒక్క క్యాను. ఒక్క గుక్క ఇయ్యి అని అడిగె. ఆస్పత్రికి పోతే గ్లూకోసు ఎక్కిస్తారు, రవ్వంత ఓర్సుకో అని... అంతా రేడియేటర్లో పోసేస్తిని."

మునిరత్నం అరచేతులతో మొహం రుద్దుకున్నాడు.

"రెండు మైళ్ళు గూడా పోలా. సీలిన హోసులోంచి నీళ్ళన్నీ రోడ్డు పాలాయ. వెనక్కి తిరిగి సూస్తే... నోరు తెరుసుకోనే ఉండె."

"తెలిసి తెలిసి మాకెట్లా అమ్మితివన్నా?" ఉషారాణి అడిగింది. ఆ గొంతులో కోపం లేదు.

"కొత్త హోసేపిస్తిని. రేడియేటరే మారిస్తిని. రోజూ బిందెలు బిందెలు పోస్తిని. ఒక్కనాడన్నా సాలు అన్లేదమ్మా. నేను ఓర్సుకోలేకపోతిని." తలెత్తి, భయం భయంగా చూశాడు. "నన్నేమన్నా... అడిగిందా?"

ఉషారాణి కుడిచెయ్యి కొంగు కిందికి లాక్కుంది. "అడిగిందన్నా. బాగుండాడా, అన్నం తింటాండాడా అని అడిగింది."

మునిరత్నం లేచి వచ్చి, కారు డోరుకు తల ఆనించి పసివాడిలా ఏడ్చాడు. తర్వాత ఇంట్లోకి పోయి, నిండు బిందె ఎత్తుకొచ్చాడు. వెనక తలుపు తీసి, బిందెతో సహా లోపల కూర్చుని, తలుపు వేసుకున్నాడు. తాళాలు అరుగు మీద పెట్టి మేము వచ్చేశాం. ఆ బండి కోసం మళ్ళీ ఎప్పుడూ పోలేదు.

ఆ రాత్రి కాంతమ్మ పిన్నమ్మ ఇంట్లో పడుకుని, పొద్దున్నే బస్సెక్కాం. పలమనేరు దాటినాక అడిగాను.

"నిజంగా అతన్ని అడిగిందా?"

అడ్డంగా తలూపింది. "నీళ్ళు తప్ప ఇంకోమాట అన్లేదు." కొంచెంసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "ఏమండీ, వాళ్ళకు అంతకుముందు బిడ్డలుండిరా?"

"లేరంట. బండి కొనేటప్పుడు చెప్పినాడు."

ఉషారాణి కొంగు కిందనుంచి కుడిచెయ్యి మెల్లగా బయటికి తీసింది.

"ఆమె రెండు చేతులా క్యాను పట్టుకోనుండె" అంది. "మరి నా చెయ్యి పట్టుకొనింది ఎవురు?"

గాజుల కింద, మణికట్టు మీద ఐదు ఎర్రటి నొక్కులు. ఒక్కొక్కటీ కందిగింజంత లేదు.