కోసేసిన దీపం

ఆ వీధిలో అతణ్ణి అందరూ బొమ్మలాయన అంటారు. పిల్లలాడుకునే బొమ్మలు కావవి. వేలెడంత ప్లాస్టిక్ సైనికులు. గ్రహాల మధ్య యుద్ధాలను బల్ల మీద ఆడుకునే పెద్దవాళ్ళు, అంటే మీసాలొచ్చిన పిల్లలు, తెచ్చిస్తే రంగులేసి పెడతాడు. కావాలంటే ఒకడి తల తీసి ఇంకొకడికి అతికిస్తాడు కూడా.

చేయి తిరిగిన మనిషి. వెలుగు వేయడంలోనైతే అతనికి తిరుగే లేదు. బొమ్మ చేతిలో దీపం ఉందనుకోండి, అది నిజంగా వెలగదు కదా. దాని కాంతి పడినట్టుగా పక్కనున్న సైనికుల బుగ్గల మీద, భుజాల మీద పలచగా రంగు వేయాలి. దగ్గరైతే తెల్లగా, దూరమైతే ముదురుగా. సరిగ్గా కుదిరితే, దీపాన్ని వేలితో మూసేసినా అదెక్కడుందో బొమ్మల మొహాలు చూసి చెప్పేయొచ్చు.

ఆ సాయంత్రం అతని ముందున్నది కమాండర్ గారి దళం. కమాండర్ అంటే సైన్యంలో చేశాడనుకునేరు, ఆ బల్ల మీది ఆటలోనే; అసలు పని పళ్ళ డాక్టరు. ఎక్కడో కొన్న పాత బొమ్మలు. రంగులెవరు వేశారో గానీ, బొమ్మలాయనకే అసూయ పుట్టేలా వేశారు. నాయకుడి చేతిలో నీలం దీపం, చుట్టూ నిలబడ్డవాళ్ళ మీద నీలి వెలుగు.

"ఆ దీపం తీసేసి కత్తి పెట్టండి," అన్నాడు కమాండర్ ఫోన్లో. "యుద్ధానికెళ్తూ దీపమేంటండీ, కరెంటు పోయినట్టు!"

"మరి మిగతావాళ్ళ మీదున్న వెలుగో?"

"అదెవరు చూడొచ్చారు! అలాగే ఉంచేయండి."

దీపం లేకుండా వెలుగు ఉంచడం తప్పని అతనికి తెలుసు. ఇంకెవరైనా ఆ పని చేస్తే నాలుగు చివాట్లు పెట్టేవాడే. కానీ లోపలి గదిలో ఐదేళ్ళ కూతురు జ్వరంతో మూలుగుతోంది. భార్య ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్ళింది. మనసు మనసులో లేదు. సరేలే అనుకుని నాయకుడి మణికట్టు దగ్గర బ్లేడు పెట్టి కోశాడు. దీపం టప్పున ఎగిరి ఎక్కడో పడింది. బల్ల కింద వెతికినా దొరకలేదు. ఇలాంటి ముక్కలు ఎగిరిపోవడం మామూలే.

కత్తి అతికించి, జిగురు ఆరేలోపు వెళ్ళి పాపకు మందు పట్టాడు. ఒళ్ళు కాలిపోతోంది. ఏమీ కాకూడదు, ఏమీ కాకూడదు అనుకుంటూ దుప్పటి సర్ది, లైటు తీసేసి, తలుపు ఓరగా వేసి వచ్చాడు.

కూర్చోగానే ఏదో తేడా అనిపించింది. గదిలో జిగురు వాసనతో పాటు ఇంకో వాసన... వేడెక్కిన గాజులాంటిది. ఇందాక సైనికులందరికీ నీలం నాయకుడి వైపు ఉంది. ఇప్పుడు అందరికీ ఎడమ పక్కనే ఉంది. నాయకుడితో సహా.

భూతద్దం పెట్టుకుని చూశాడు. ఆరిన రంగే. గోటితో గీకినా రాలేదు. ఒక సైనికుణ్ణి తీసి మెల్లగా తిప్పాడు. బొమ్మ తిరిగింది... నీలం తిరగలేదు. వాడి బుగ్గ మీంచి మెడ మీదికి, మెడ మీంచి వీపు మీదికి పాకి, అటువైపే ఉండిపోయింది.

అటువైపున్నది లోపలి గది.

"నాన్నా..." పాప గొంతు. "లైటు కళ్ళల్లో పడుతోంది."

"లైటు తీసేశాను కదమ్మా."

బొమ్మల మీద నీలం ముదురుతోంది. అంటే దీపం దూరం జరుగుతోంది. తలుపుకు దూరంగా, అవతలి గోడ వారగా, ఆ గదిలో ఉన్నది మంచమొక్కటే.

ఒక్క ఉదుటున లోపలికి పోయాడు. చీకటి. ఎవరూ లేరు. పాపను దుప్పటితో సహా ఎత్తుకుని, ముందు గదిలోకి పరిగెత్తి, తలుపు లాగి గడియ పెట్టాడు. బొమ్మల వైపు చూశాడు. ఒక్కదాని మీదా నీలం లేదు. హమ్మయ్య... ఊపిరి పీల్చుకుని భార్యకు ఫోన్ చేశాడు.

"మందు పట్టారా? జ్వరం దిగిందా?"

"ఒళ్ళు... కాస్త చల్లబడింది."

"మొహం చూడండి, ఎర్రగా ఉందా?"

చూశాడు. ఎర్రగా లేదు. పాప కుడి బుగ్గ మీద నీలం. పొర మీద పొరగా, అంచెక్కడో తెలియకుండా కలిపిన నీలం. ముక్కుకు అవతల పక్క నీడ. బొటనవేలితో తుడిచాడు. రాలేదు.

ఆ పని చేసే మనిషి కనుక, వద్దనుకున్నా తెలిసిపోయింది. దీపం తన వెనకుంది. తన భుజం మీదుగా.

పాప కళ్ళు చికిలించింది. "మండుతున్నాయి నాన్నా... పక్కకి తీయమను."

"ఎవర్నమ్మా?"

పాప అతని మొహం మీంచి పైకి... ఇంకా పైకి చూసింది.

"ఏమండీ? మాట్లాడరేం?" అంటోంది భార్య.

అతను వెనక్కి తిరగలేదు. పాప మొహాన్ని గుండెకు హత్తుకుని, చేత్తో కప్పేశాడు. ఆ చేతి వేళ్ళ మీద, కణుపు కణుపుకూ నీలం. చూస్తుండగానే అది తెల్లబడుతోంది...