డైరెక్టరుగారి చూపుడువేలు

"పదకొండింటికి పాస్‌వర్డులకు నూకలు చెల్లు," అన్నాడు చీఫ్. "ఆపైన డేటా సెంటర్ క్యాంపస్ వైఫైకి ఫోన్‌లో సిమ్మే సాక్షి. మనిషెవరో మొబైల్ నెట్‌వర్కే చెబుతుంది. ఈలోగా విదేశీ ముఠా అక్కడి డైరెక్టర్ పేరుతో తన సిమ్ ఎక్కించుకుందనుకో..."

"బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ల జాబితా వాళ్ల చేతికి పోతుంది," అంది ఏజెంట్.

అందులో మూడో పేరు ఆమె చెల్లెలిది.

పదిన్నరకల్లా ఆమె మాప్, బకెట్‌తో సర్వర్ రూమ్‌లో ఉంది. సర్వర్ మీద కడగని టిఫిన్ బాక్స్. వేడిగాలి వచ్చేచోట ఆరేసిన బనియను. టీ కప్పులో ఈత మానేసిన బొద్దింక. దేశ రహస్యాలు ఉండే చోటు ఇదీ!

మాప్ కర్రలో దాచిన స్క్రీన్ వెలిగింది. డైరెక్టర్ పేరు మీద కొత్త సిమ్ అప్పటికే లైన్లో ఉంది. పదకొండులోగా ఆయన తన ఫోన్‌లో ఒప్పుకుంటే చాలు.

"సార్ పేరుతో కొత్త సిమ్ ఎవరు పెట్టారు బాబూ?" అని పక్కనున్న ఆపరేటర్‌ని అడిగింది.

"కన్సల్టెంట్ మేడమ్," అన్నాడు ఆపరేటర్, పళ్లు కుట్టుకుంటూ. "సార్ పాస్‌వర్డ్ ఆవిడ దగ్గరే ఉందిలే."

"ఎలా ఇచ్చారు?"

"నవ్వుతూ అడిగింది మరి!"

ఆ నవ్వుకు ఆరు నెలలుగా ఏజెంట్ వాళ్ల డిపార్ట్‌మెంటే జీతమిస్తోంది. ముఠా కూడా ఇస్తోందన్నమాట.

ఆమె మాప్, బకెట్‌తో డైరెక్టర్ గదిలోకి వెళ్లేసరికి ఆయన పక్కన నిలబడ్డ కన్సల్టెంట్ సెంటు వాసన గుప్పుమంది. పదీ యాభైతొమ్మిది. డైరెక్టర్ ఫోన్ మోగింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడాయన.

"మామూలే సార్. 'అనుమతించు' నొక్కండి," అంది కన్సల్టెంట్ తియ్యగా.

"మామూలైతే సరే."

కాగితాలు తిప్పే అలవాటుకొద్దీ ఆయన చూపుడువేలు నాకి, స్క్రీన్ మీద ఒత్తాడు. ఉమ్మి తడికి స్క్రీన్ పలకలేదు. ఛీ అనుకుంది ఏజెంట్. ఆయన వేలు ప్యాంటుకు తుడిచి మళ్లీ ఎత్తాడు. ఈలోపు ఆమె ఫోన్ లాక్కుని బకెట్‌లో పడేసింది. నల్లటి నీళ్లలో బుడగలు. పదకొండు.

కన్సల్టెంట్ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోని పిస్టల్ కోసం వెళ్లింది. మాప్ కర్ర మణికట్టు మీద పడింది.

"నేల తడిగా ఉంది మేడమ్!" అని అరిచింది ఏజెంట్. ఆ కోడ్‌వర్డ్ కోసమే బయట ప్యూన్ల వేషంలో కాచుకున్న ఇద్దరు ఏజెంట్లు లోపలికొచ్చి బేడీలు వేశారు.

జరిగిందంతా విని డైరెక్టర్ బకెట్‌లోకి దిగులుగా చూశాడు.

"బియ్యంలో పెడితే బాగవుతుందంటారు. నిజమేనా అమ్మా?"

"ఫోన్ బాగవుతుంది సార్," అందామె, మాప్ అందుకుంటూ. "మీ సంగతే, బియ్యంతో తేలేది కాదు."